గుమ్మడివారి మూడు కర్రలు

మా పాలెంలో తెలివి మాట వస్తే ముందు గుమ్మడివారి ఇంటి పేరే ఎత్తుతారు. ఎత్తేది వాళ్ళే అనుకోండి. ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు వీరరాఘవులు, తాటిచెట్టంత పొడుగు. నడిమివాడు నాగభూషణం, నిలువు కన్నా అడ్డం ఎక్కువ. చిన్నవాడు పున్నయ్య, వాడు నిలబడ్డాడో కూర్చున్నాడో దగ్గరికి వెళ్తే గాని తెలియదు. ఈ ముగ్గురి తెలివీ ఒక ఎత్తు, పెద్దవాడి భార్య సౌభాగ్యమ్మ తెలివి ఒక్కటే ఒక ఎత్తు. ఒకసారి వాళ్ళింట్లో దొంగలు పడి ఇత్తడి బిందెలు పట్టుకుపోయారు. అయ్యో పాపం అని మేమంతా వెళితే, "బిందెలు పోతే పోయినయ్, మా తెలివి జోలికి రాలేదు, అదే పదివేలు" అని సౌభాగ్యమ్మ అందరికీ మజ్జిగ పోసి పంపింది. ఆనాటి నుంచీ బయటికి వెళ్ళేటప్పుడు, లోపలి తెలివి ఎవరూ ఎత్తుకుపోకుండా తలుపుకి రెండు తాళాలు వేస్తున్నారు.

వాళ్ళకి మూడు గేదెలు. అందులో మాలచ్చి పెద్దది, పాలు బాగా ఇచ్చేది, కోపం అంతకన్నా బాగా ఉన్నది. ఊరి పడమటి బీడుకి అవతల ఒక కుంట ఉంది. ఎండాకాలం మా వైపు గేదె నీళ్ళలో పడుకోకపోతే పాలు గిన్నె అడుగున కూడా కనపడవు. తాతల నాటి నుంచీ గుమ్మడివారి గేదెలు ఆ బీడు మీంచే కుంటకి పోయేవి. ఆ బీడుని శేషగిరి గారని పట్నం ఆయన కొన్నాడు. కొని, దున్నలేదు, ఇళ్ళు కట్టలేదు. చక్కగా పచ్చగడ్డి పెంచాడు. పెంచిన గడ్డి మేపకుండా మిషను పెట్టి కోయించాడు. కుంట ఒడ్డు వదిలి మిగతా చుట్టూ కంచె వేసి గోల్ఫ్ ఆట మైదానం అన్నాడు. ఇంకేముంది, దారి మూసుకుపోయింది. గేదెలు మూడు మైళ్ళు చుట్టు తిరిగి కుంటకి చేరుతున్నాయి, తిరిగొచ్చేసరికి మళ్ళీ ఎండలో మాడుతున్నాయి. మాలచ్చి పాలు సగానికి సగం పడిపోయాయి. సౌభాగ్యమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నవ్వకండి, ఆ ఇంటికి ఆధారమే ఆ పాలు.

నలుగురూ కలిసి శేషగిరి గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన చెడ్డవాడు కాదు, కాకపోతే కాస్త తమాషా మనిషి. ఆదివారం మైదానం ప్రారంభోత్సవం పెట్టుకున్నాడు, వచ్చే పెద్దమనుషులకి కాలక్షేపం కావాలి. అందుకని వాళ్ళకొక పందెం పెట్టాడు. ఆదివారం వాళ్ళింటి వాళ్ళు పది దెబ్బల్లో బంతిని గుంటలో వేస్తే కంచెకున్న గేటు తెరిచి గేదెలకి దారి వదులుతానన్నాడు. వెయ్యలేకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. నేర్పడానికి మాస్టారిని కూడా నేనే ఇస్తానన్నాడు. గుమ్మడివారు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. తెలివైన వాళ్ళతో పందెం వేశాడు పాపం అని జాలిపడుతూ ఇంటికొచ్చారు.

ఆ మాస్టారి పేరు డేవిడ్. ముప్పై ఏళ్ళుగా గోల్ఫ్ నేర్పుతున్నాడు, ఎన్నడూ ఏ శిష్యుణ్ణీ బతిమాలి ఎరగని మనిషి. ఆ వారం దాకా.

మొదటి రోజే ఆయన మూడు కర్రలు చూపించాడు. ఒకటి పొడుగు కర్ర, బంతిని దూరం పంపడానికి. ఒకటి ఇనప కర్ర, దానికన్నా పొట్టిది, మధ్య దూరానికి. మూడోది గుంట కర్ర, అన్నిటికన్నా పొట్టిది, గుంట దగ్గర బంతిని నెమ్మదిగా దొర్లించడానికి. ఒక్కో కర్రకి ఒక్కో ఒడుపు ఉంటుందనీ, ఒకదాని తీరు ఇంకోదానికి పనికిరాదనీ చెప్పాడు. అంతే. సౌభాగ్యమ్మ లేచి, ఇనప కర్ర తీరు పొడుగు కర్రకి పనికిరానప్పుడు అందరూ అన్నీ వినడం దండగ అంది. పొడుగాయనకి పొడుగు కర్ర, నాగభూషణానికి ఇనప కర్ర, పున్నయ్యకి గుంట కర్ర పంచేసింది. అప్పట్నుంచీ ఒకడికి పాఠం చెబుతుంటే మిగతా ఇద్దరూ చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. మాస్టారు ఏదన్నా అందామనుకున్నాడు గాని, వినేవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు పెద్దాడు, వాడు కూడా ఆ పంపకానికి తల ఊపుతున్నాడు.

పొడుగు కర్ర పాఠం మొదలైంది. కర్ర పొడుగు కాబట్టి బంతికి దూరంగా నిలబడాలి అన్నాడు మాస్టారు. వీరరాఘవులు బుద్ధిగా విన్నాడు. కర్రని మరీ బిగించి పట్టుకోకూడదు, మరీ వదులుగానూ కాదు, చేతిలో కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి అన్నాడు. అదీ విన్నాడు. నీ చుట్టూ ఒక బండిచక్రం ఉందనుకో, కర్ర కొస ఆ చక్రం అంచు మీదే తిరగాలి, పొడుగు కర్రకి ఆ చక్రం బాగా వాలి ఉంటుంది, పొట్టి కర్రకి నిటారుగా లేస్తుంది అన్నాడు. అది కూడా విన్నాడు. అంత శ్రద్ధగా వినే శిష్యుడిని తాను చూడలేదని మాస్టారు శేషగిరి గారితో చెప్పాడట.

ఇంటికి రాగానే సౌభాగ్యమ్మ కర్రని గంప కింద పెట్టి మూసింది. నాలుగు నూకలు చల్లింది. పైన గద్ద తిరుగుతుంటే చేట పట్టుకుని అదిలించింది. కర్ర నూకలు ముట్టకపోయేసరికి కొత్త చోటు, బెంగ పెట్టుకుందని సర్దిచెప్పుకుంది.

తర్వాత చక్రం సంగతి. ఇంట్లో బండి ఉండగా చక్రం ఉందనుకోవడం ఏం ఖర్మ అన్నాడు వీరరాఘవులు. ఇంకేముంది, బండి చక్రం ఒకటి ఊడదీశారు. మనిషి లోపల పట్టడానికి మధ్యలో ఉన్న అడ్డచెక్కల ఆకులన్నీ గొడ్డలితో ఊడగొట్టారు. అన్న తలమీంచి దించి, తమ్ముళ్ళిద్దరూ చెరోవైపు పట్టుకుని, మాస్టారు చెప్పినట్టు బాగా వాల్చారు. అన్న అందులో నిలబడి సాయంత్రం దాకా తిప్పిన కర్ర తిప్పినట్టే తిప్పాడు. చక్రంతో గుమ్మంలో పట్టక అన్నం వాకిట్లోనే తిన్నాడు. మర్నాడు నాగభూషణం వంతు. వాడిది పొట్టి కర్ర, చక్రం నిటారుగా కావాలి. అన్న వాల్చిన చక్రం వాలుకే పనికొస్తుంది గనుక రెండో చక్రం ఊడదీశారు. వాడు ముందు అందులో పట్టలేదు. పట్టాక బయటికి రాలేదు. కమ్మరి వచ్చి కోసి తీశాడు. బండి రెండు చక్రాలూ పోగొట్టుకుని నేలమీద చతికిలబడింది, ఎడ్లు దాన్ని చూసి ఊపిరి పీల్చుకున్నాయి.

ఇనప కర్ర పాఠంలో మాస్టారు ఇంకో ముఖ్యమైన మాట చెప్పాడు. పొడుగు కర్రతో కొట్టేటప్పుడు నేల తగలకూడదు, ఇనప కర్రతో మాత్రం ముందు బంతి తగలాలి, ఆ తర్వాత నేల తగలాలి, బంతి పోయాక దోసెంత మట్టి పెళ్ళ పలచగా లేవాలి. నాగభూషణం మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి వాడికి అర్థమయ్యే మాట ఒకటి వినపడింది.

ఇంటికొచ్చి వాకిట్లో బంతి పెట్టాడు. ముందు బంతిని కొట్టాడు. అది పక్కింటి దొడ్లో పడింది, దాంతో వాడికి పనిలేదు. ఆ తర్వాత మట్టి. కర్ర కొసతో గీసి, చెక్కి, ఒక పెళ్ళ లేపాడు. దోసెంత ఉందో లేదో ఎవరు చెప్పాలి? సౌభాగ్యమ్మ వంటింట్లోంచి దోసెల పెనం తెచ్చి ఆ పెళ్ళని పెనం మీద పరిచి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"ఇది దోసె కాదయ్యా, దిబ్బరొట్టె. ఇంత మందమైతే మాస్టారు ఒప్పుకోరు."

మళ్ళీ లేపాడు. అది అంచు విరిగింది. మళ్ళీ లేపాడు. అది పెనం కన్నా చిన్నది, పిల్లలకి పోసే దోసె అంది. మధ్యాహ్నానికి వాకిలంతా గుంటలే. పాలు తీసుకుపోవడానికి వచ్చిన ముసలామె ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి కాలు వేస్తూ చెంబుతో సహా కూలబడింది. ఉన్న కాసిని పాలూ నేలపాలయ్యాయి. సాయంత్రానికి ఒక్కటంటే ఒక్కటి సరైన దోసె లేచింది. నలుగురూ చుట్టూ చేరి చూసుకుని మురిసిపోయారు.

ఇక పున్నయ్య. గుంట కర్రకి బంతికి బాగా దగ్గరగా నిలబడాలి, కర్ర దాదాపు నిట్టనిలువుగా ఉండాలి, మణికట్టు కదలకూడదు, గోడ గడియారంలో లోలకం ఊగినట్టు భుజాలు ఊగాలి అన్నాడు మాస్టారు. ఆయన తప్పేం లేదు, ఎవరికైనా అట్లాగే చెబుతారు. కాని పున్నయ్య లోలకం చూసి ఎరగడు. వాళ్ళింట్లో గడియారం లేదు. తెలివి ఉన్న ఇంట్లో టైము తెలుసుకోవడానికి ఇంకొకటి ఎందుకని కొనలేదు. అందుకని వాడు బడికి వెళ్ళి, హెడ్మాస్టరు గదిలో గడియారం ఎదురుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని చూశాడు. అంతే. అన్నీ గ్రహించాడు. లోలకం ఎవరి కోసమూ ఆగదు. గంట గంటకీ మోగుతుంది. కీ ఇస్తేనే ఆడుతుంది.

ఇంటికొచ్చి కర్ర పట్టుకుని నోటితో టిక్కు టిక్కు అంటూ ఊగడం మొదలుపెట్టాడు. అన్నానికి పిలిస్తే రాడు. మాట్లాడితే పలకడు. మూడింటికి మూడు సార్లు ఠంగుమన్నాడు. నాలుగింటికి నాలుగు సార్లు. భయం వేసి, వీడు ఆగేదెట్లా అని వదినని అడిగాడు నాగభూషణం. కీ అయిపోతే వాడే ఆగుతాడు అంది సౌభాగ్యమ్మ. ఆగాడు, ఐదు మోగాక, సొమ్మసిల్లి. మర్నాడు మళ్ళీ ఊగాలంటే కీ ఇవ్వాలిగా. నాగభూషణం వాడి చెవి పట్టుకుని పన్నెండు తిప్పులు తిప్పాడు. ఆ చెవి ఇప్పటికీ రెండో చెవి కన్నా పొడుగు.

ఇదంతా విని డేవిడ్ మాస్టారు శనివారం నాడు వాళ్ళింటికి వచ్చాడు. వాకిట్లో గుంటలు చూశాడు. గంప ఎత్తి కర్రనీ, దాని చుట్టూ నూకల్నీ చూశాడు. చక్రాల్లేని బండిని చూశాడు. అరుగు మీద కూర్చుని మొహం తుడుచుకున్నాడు. ఆఖరికి, రేపు ఏదైనా సందేహం వస్తే నన్ను అడగండి నాయనా, మీ అంతట మీరు ఆలోచించకండి అని బతిమాలాడు. మమ్మల్ని ఆలోచించొద్దంటే ఊళ్ళో ఇంకెవరు ఆలోచిస్తారని వీరరాఘవులు నొచ్చుకున్నాడు.

ఆదివారం వచ్చింది. మైదానంలో షామియానా, కుర్చీలు, పట్నం పెద్దమనుషులు. ఊరంతా కంచె అవతల నిలబడింది. నేనూ ఉన్నాను. గుంట ఉన్న చోటు నున్నటి గడ్డి, ఒక జెండా పాతి ఉంది. బంతి పోవాల్సిన దారికి ఒక పక్కగా, కంచె వెంబడే పెద్ద వేపచెట్టు, దాని పక్కన గడ్డి కోసే మిషను పెట్టుకునే రేకుల షెడ్డు. గుంటకి అవతల కుంట, కుంటలో నీళ్ళు తళతళమంటున్నాయి. ఆ నీళ్ళని చూసి సౌభాగ్యమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చంకలో పెనం ఉంది.

వీరరాఘవులు కర్రని కోడిపిల్లలా పట్టుకుని, దాని నెత్తిన నిమురుకుంటూ వచ్చాడు. పొడుగు కర్రకి దూరంగా నిలబడాలి. దూరం మంచిదైతే ఇంకా దూరం ఇంకా మంచిది గదా. అందుకని బంతికి ఏడడుగుల దూరంలో నిలబడి బలంగా తిప్పాడు. గాలి వచ్చింది, బంతి కదలలేదు. ఒక దెబ్బ అని లెక్కపెట్టాడు శేషగిరి గారు. మాస్టారు దగ్గరికి జరగమని సైగ చేశాడు. ఒకేసారి జరిగితే దూరం పాడైపోతుందని అడుగు చొప్పున జరిగాడు. రెండు, మూడు, నాలుగు. షామియానా కింద పెద్దమనుషులు పొట్టలు పట్టుకుంటున్నారు. ఐదు, ఆరు. సౌభాగ్యమ్మ పెనాన్ని గుండెకి హత్తుకుంది. ఏడో దెబ్బకి కర్ర కొస బంతికి ఒక ఓరన తగిలింది.

బంతి పోవాల్సిన వైపు పోలేదు. ఎగిరి వేపచెట్టులో దూరింది. కొమ్మకి కొట్టుకుని పైకి లేచింది. రేకుల షెడ్డు మీద దడదడమని పడి, జారి, నున్నటి గడ్డి మీదికి దూకి, గుంటకి జానెడు దూరంలో ఆగింది.

 కంచె అవతల మా కేకలకి అంతులేదు. ఇంకా మూడు దెబ్బలున్నాయి. జానెడు దూరం. పిల్లి తోకతో నెట్టినా పడుతుంది. శేషగిరి గారి మొహంలో నవ్వు పోయింది. పున్నయ్య గుంట కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు.

"ఆగరా చిన్నాడా," అంది సౌభాగ్యమ్మ. "ఇనప కర్ర వంతు కాలేదు. నడిమోడు వాకిలంతా తవ్వుకుంది ఎందుకంటా?"

మాస్టారు పరుగెత్తుకొచ్చి, ఇక్కడ ఇనప కర్రతో పనిలేదమ్మా, నీకు దండం పెడతాను అన్నాడు. ఒక్కో కర్రకి ఒక్కో తీరన్నది మీరే గదండీ, దాని తీరు చూపకుండా ఇంటికి తీసుకుపోతే నలుగురిలో నగుబాటు కాదా అంది. నాగభూషణం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరు కాదంటారు?

ముందు బంతి. కొట్టాడు. అది గుంట మీంచి గెంతి అవతల ఆరు అడుగుల దూరంలో పడింది. ఎనిమిది. ఆ తర్వాత మట్టి. నాగభూషణం గుంట ఇవతల వంగి, శేషగిరి గారు రెండేళ్ళు పెంచిన గడ్డిని దోసెంత చెక్కాడు. సౌభాగ్యమ్మ పెనం మీద పరిచింది. దిబ్బరొట్టె అంది. వాడు గుంట చుట్టూ తిరిగి అవతల రెండోది చెక్కాడు. అంచు విరిగింది. మూడోది చెక్కాడు. అది అచ్చంగా దోసె. ఆవిడ పెనంతో సహా ఎత్తి షామియానా కింద పెద్దమనుషులందరికీ చూపించి వచ్చింది. శేషగిరి గారు కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చుని, ఛాతీ పట్టుకున్నాడు.

ఇప్పుడు పున్నయ్య. బంతికి దగ్గరగా నిలబడ్డాడు. కర్ర నిట్టనిలువు. టిక్కు టిక్కుమంటూ ఊగుతున్నాడు, బంతిని ముట్టడు. పావుగంట అయింది. పది దాటింది, పదకొండుకి ఇంకా చాలా టైముంది, అది మోగితే గాని వీడు కొట్టడని అర్థమై నాగభూషణం వెళ్ళి చెవి తిప్పాడు. మోగాల్సిన పదకొండూ అప్పుడే మోగేశాయి. పదకొండో ఠంగుకి కర్ర బంతిని తాకింది. మాస్టారు చెప్పిన ఒడుపు ఒక్కటీ తప్పలేదు. మణికట్టు కదలలేదు, తల కదలలేదు. బంతి నెమ్మదిగా దొర్లుకుంటూ తిన్నగా జెండా వైపు పోయింది. పోయి, గుంటకి ముందున్న రెండో దోసె గుంటలో పడింది.

"పడింది," అన్నారు నలుగురూ.

అది ఆ గుంట కాదు, జెండా ఉన్న గుంట అన్నాడు శేషగిరి గారు. మీరు గుంటలో వెయ్యమన్నారు, ఏ గుంటో మేము అడగలేదు, మీరు చెప్పలేదు అంది సౌభాగ్యమ్మ. పట్నం పెద్దమనుషులు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఇంకో దెబ్బ మిగిలే ఉంది గదా, కొట్టి వెయ్యమనండి అన్నాడు ఒకాయన.

"అట్టాగేనండీ," అన్నాడు వీరరాఘవులు. "నేను ఏడు కొట్టాను, చిన్నోడు ఇప్పుడే కొట్టాడు, ఇది మళ్ళీ మా నడిమోడి వంతు."

నాగభూషణం ఇనప కర్ర తుడుచుకుంటున్నాడు. సౌభాగ్యమ్మ పెనం దులిపింది. శేషగిరి గారు ఆ పెనాన్ని చూశాడు, మిగిలిన గడ్డిని చూశాడు. గబగబా వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా, పడింది. అదే గుంట. గెలిచారు మీరు. ఆ బంతి పోయిన దారి మీది, రేపట్నుంచి గేదెల్ని తోలుకోండి."

ఊరు ఊరంతా ఈలలు వేసింది. మాస్టారు కూలబడి నవ్వాడో ఏడ్చాడో నాకు సరిగ్గా కనపడలేదు. ఆ సాయంత్రమే శేషగిరి గారు మాట ప్రకారం గేటు బార్లా తీయించి, మళ్ళీ మూసుకోకుండా రాయి పెట్టించాడు.

మర్నాడు పొద్దున్నే నేను పొలం వెళుతూ చూద్దును గదా, తెరిచిన గేటు తెరిచినట్టే ఉంది, గుమ్మడివారు దాన్ని వదిలేసి కంచె బయటే ముందుకు పోయి, కంచె మీద నుంచి బయటికి వాలిన వేపకొమ్మ కింద నిలబడ్డారు. చెట్టుకి నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన మొదట్లో మాలచ్చి, పక్కన మిగతా రెండు గేదెలు. సౌభాగ్యమ్మ దాని ముందుకాలు మొదటి మెట్టు మీద పెట్టిస్తోంది, తమ్ముళ్ళిద్దరూ వెనక నుంచి నెడుతున్నారు. ఇదేం పనయ్యా, గేటు అదుగో అన్నాను. వీరరాఘవులు నా వైపు జాలిగా చూశాడు. బంతి గేటు గుండా పోలేదట. చెట్టు మీంచి షెడ్డు మీదికి, షెడ్డు మీంచి గుంట దగ్గరికి పోయిందట. ఇచ్చిన దారిన గాక వేరే దారిన పోతే బాబుగారికి మాట తప్పినట్టు గదా అన్నాడు.

మాలచ్చి ఎక్కలేదు. మెట్టు మీద దాని కాలు పట్టకపోవడం చూసి సౌభాగ్యమ్మ గబగబా ఇంటికి వెళ్ళింది. అప్పుడు పున్నయ్యకి తట్టింది. బంతి మాత్రం తనంతట తాను ఎక్కిందా, కర్ర దెబ్బకి ఎగిరింది గదా అన్నాడు. అంతే. గేదె పెద్దది కాబట్టి పొడుగు కర్రే కావాలని ముగ్గురూ ఒప్పుకున్నారు. వీరరాఘవులు తగినంత దూరంలో నిలబడి, లేని చక్రాన్ని బాగా వాల్చుకుని, మాలచ్చి తొడ మీద ఒక్కటిచ్చాడు. నిన్న ఏడు దెబ్బలకి కుదిరిన ఒడుపు ఇవాళ మొదటి దెబ్బకే కుదిరింది.

మాలచ్చి ఎగరలేదు. వెనక్కి తిరిగింది. ఇంకేముంది, ముగ్గురు అన్నదమ్ములూ నిచ్చెన మీద నుంచి ఒకేసారి చెట్టెక్కారు. కొమ్మ ముగ్గురిని ఆపలేక వంగి, వాళ్ళని రేకుల షెడ్డు మీదికి విసిరింది. దడదడమని పడి, జారి, నున్నటి గడ్డి మీదికి దూకి, గుంటకి జానెడు దూరంలో ఆగారు. తరుముదామంటే కొట్టినవాళ్ళెవరూ కింద లేక మాలచ్చి ముట్టె పైకెత్తి గాలి వాసన చూసింది. నీళ్ళ వాసన. తెరిచిన గేటు గుండా ఠీవిగా నడిచి, మిగతా రెండు గేదెల్ని వెంటేసుకుని, కుంటలో దిగి మెడ దాకా మునిగి కళ్ళు మూసుకుంది.

శేషగిరి గారు షెడ్డు చప్పుడుకి పరుగెత్తుకొచ్చి, గేదెల్ని నీళ్ళలో చూసి, హమ్మయ్య, ఇన్నాళ్ళకి దారిలో పడ్డారు అన్నాడు. వీరరాఘవులు నడుం పట్టుకుని లేచాడు. కుంట వైపు చూసి సిగ్గుతో తల దించుకున్నాడు.

"క్షమించండి బాబుగారూ. మేము ముగ్గురం మీరిచ్చిన దారినే వచ్చాం. గొడ్లే దొంగదారిన వచ్చినయ్."

అని, ముగ్గురూ కుంటలో దిగి, చల్లగా పడుకున్న గేదెల్ని తాళ్ళు కట్టి బయటికి లాగి, మళ్ళీ ఆ గేటులో అడుగు పెట్టనివ్వకుండా మూడు మైళ్ళు ఎండలో చుట్టు తిప్పి ఇంటికి తోలుకుపోయారు. అక్కడ సౌభాగ్యమ్మ వడ్రంగిని పిలిపించి, గేదె కాలు పట్టేంత వెడల్పు మెట్లతో కొత్త నిచ్చెనకి కొలతలిస్తోంది.